నిమ్మకాయకి ఎర్రబడని అన్నం

నిమ్మచెక్క పిప్పి అయ్యేదాకా పిండినా అన్నం ఎర్రబడలేదు.

డాక్టర్ హిమజ రెండో చెక్క అందుకుంది. వారం క్రితమే ఉద్యోగంలో చేరిన పిల్ల కాబట్టి ఏ పని ఎక్కడ ఆపాలో ఆమెకింకా తెలియదు. చేతులు కడిగే తొట్టి పక్కన పేర్చిన ఎంగిలి కంచాల దొంతిలోంచి తను తీసిన పై కంచంలో, మిగిలిన ఊదారంగు మెతుకుల మీద మళ్లీ రసం ధారగా పిండింది. మెతుకుల్లో చలనం లేదు.

"ఇది నీలమణి కాదు సార్," అంది డైరెక్టరుతో. "నీలమణి రంగుకి పులుపు తగిలితే గులాబీరంగుకి తిరిగి తీరాలి. ఇది మామూలు తెల్లన్నం. ఎవరో రంగు కలిపారు."

క్యాంటీన్లో అరవైనలుగురు నమలడం ఆపేశారు.

"ఎవరిదీ కంచం?" అన్నాడు డైరెక్టర్ డాక్టర్ పరిమి గోవర్ధనం.

స్టీలు కంచాలన్నీ ఒక్కలాంటివే. అయితే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ సూపరింటెండెంట్ గుబ్బల తాతారావు మాత్రం ఆ కంచాన్ని గుర్తుపట్టాడు. అర నిమిషం క్రితం ఆ దొంతి మీద కంచం పెట్టి వచ్చింది తనే. అందులో ఉన్నది తెల్లన్నమనీ, దానికి రంగు కలిపించింది తనేననీ అతనికి బాగా తెలుసు.

కొండ్రుపాలెం వరి పరిశోధన కేంద్రం పన్నెండేళ్లుగా ఒకే పని మీద ఉంది. బియ్యంలో ఆరోగ్యానికి మేలుచేసే పదార్థాలు పెంచడం. ఎంత పెరిగాయో చెప్పడానికి 'ఆరోగ్య సూచిక' అని ఒక అంకె ఉంది. మామూలు బియ్యానికి అది పది. నీలమణి-1 కి నలభై. నీలమణి-9 కి నాలుగు వందల పన్నెండు. మొక్కలో ఆ మేలుచేసే సరుకే రంగునీ ఇస్తుంది, వగరునీ ఇస్తుంది. అంకె పెరిగిన కొద్దీ బియ్యం నల్లబడింది, ఉడకడానికి రెండు గంటలు పట్టింది, ముద్ద నోట్లో పెడితే తుమ్మబెరడు నమిలినట్టు నాలుక ముడుచుకుపోయింది.

నీలమణి-4 దగ్గర ఇబ్బంది వచ్చింది. పరీక్ష ఫారంలో పద్నాలుగో గడి 'రుచి'. తిన్నవాళ్లందరూ అందులో ఒకే ముక్క రాశారు. హెడ్‌క్వార్టర్స్ నుంచి పోషక ధాన్యాల విభాగాధిపతి డాక్టర్ చామర్తి దివాకరం వెంటనే ఉత్తర్వు పంపాడు: 'రుచి యనునది పరికరములతో కొలుచుటకు వీలుకాని, వ్యక్తిగతమైన, శాస్త్రేతర అంశమగుటచే పద్నాలుగవ గడిని తక్షణము తొలగించవలెను.' తొలగించారు. ఆ తర్వాత పరిశోధన పరుగులు తీసింది. పిచ్చుకలు ఆ మళ్లలో వాలడం మానేస్తే రిపోర్టులో 'పక్షి నిరోధక శక్తి' అని ఒక సుగుణం అదనంగా చేరింది.

చివరి మెట్టు, మనుషుల మీద ప్రయోగం. కేంద్రంలోని అరవైనలుగురు ఉద్యోగులూ ఆరు నెలలు క్యాంటీన్లో నీలమణి-9 అన్నమే తినాలని సర్క్యులర్ వచ్చింది. 'ఉద్యోగులు స్వచ్ఛందముగా భుజించవలెను. స్వచ్ఛందముగా భుజించని వారిపై చర్య తీసుకొనబడును.' తిన్నాక ఆమోద రిజిస్టరులో సంతకం, పక్కన అభిప్రాయం. ఆరు నెలల్లో ఒక్క ఫిర్యాదు రాలేదు. నూటికి నూరు శాతం ఆమోదం. వచ్చే సోమవారం మంత్రిగారి చేతుల మీదుగా వంగడం విడుదల.

తాతారావు ఎనిమిది రోజులు ఓర్చుకున్నాడు. తొమ్మిదో రోజు క్యాంటీన్ వెనక గుమ్మం దగ్గరికెళ్లి, వంటమనిషి సూరాయమ్మతో గొంతు తగ్గించి చెప్పాడు. "గ్యాస్ పడతల్లేదు సూరాయమ్మా. నా ఒక్కడికీ మామూలన్నం పెట్టు. తేడా తెలీకూడదు. మూడో కంటికి తెలిసిందా, నా ఉద్యోగం పోద్ది." "ఆయ్, అలాగేనండి," అందామె. అంతే. మర్నాటి నుంచి అతని కంచంలో ఊదారంగు మెతుకులు మల్లెమొగ్గల్లా మెత్తగా పడ్డాయి.

ఇప్పుడు డైరెక్టరు కుర్చీ ఎక్కినంత పని చేశాడు.

"అరవైనలుగురిలో ఒక్క కంచం కల్తీ అయినా ప్రయోగం మొత్తం చెల్లదు. ఈ నీచానికి పాల్పడిన వ్యక్తి ఎవరో మూడు రోజుల్లో తేలాలి. శుక్రవారం బహిరంగ విచారణ. హెడ్‌క్వార్టర్స్ నుంచి దివాకరంగారు స్వయంగా అధ్యక్షత వహిస్తారు. దోషిగా తేలినవాడు ఈ గేటులో మళ్లీ అడుగుపెట్టడు." కళ్లు క్యాంటీన్ అంతా తిరిగి ఒకచోట ఆగాయి. నిబంధన ప్రకారం విచారణలన్నీ ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌వే. "తాతారావుగారూ, మీరే విచారణాధికారి."

తనని తాను పట్టుకోవడానికి తాతారావుకి డెబ్బై రెండు గంటల గడువు దొరికింది.

*

గదిలోకెళ్లి తలుపు వేసుకుని ముందు విచారణ మాన్యువల్ తిరగేశాడు. తప్పించుకునే దారి ఏమన్నా ఉందేమోనని. లేదు. ఇరవై మూడో నిబంధన దగ్గర అసలే లేదు: 'సాక్షి చూపిన ప్రతి వ్యక్తి పేరునూ విచారణాధికారి పూర్తి హోదాతో సహా బిగ్గరగా పునరుచ్చరించవలెను. స్టెనో దానినే టైపు చేయవలెను. టైపు చేసినది కొట్టివేయరాదు.' ఈ నిబంధనకి ఒక చరిత్ర ఉంది. వెనకటికో నీళ్ల మోటారు కేసులో సాక్షి వేలు చూపించి "వీడేనండి" అన్నాడు. స్టెనో 'వీడే' అని టైపు చేశాడు. ఆ వీడెవడో తేలడానికి పదకొండేళ్లు పట్టింది. ఈలోగా వీడు రిటైరయ్యాడు.

మొదటి సాక్షి యూనియన్ కార్యదర్శి అప్పలకొండ. గేటు దగ్గర మైకు లేకుండా మాట్లాడితే కాలవ అవతలి ఊరికి వినపడే మనిషి. ఆ రోజు గొంతు బాగా తగ్గించాడు.

"సూపర్నెంటుగారూ, ఊరికే అడుగుతున్నాను. తప్పు చేసినోడు తనంతట తానే ఒప్పుకున్నాడనుకోండి, శిక్ష ఏమన్నా తగ్గుద్దా?"

తాతారావు కలం కింద పెట్టాడు. వీడికి తన సంగతి తెలిసిపోయింది. "ఎందుకడుగుతున్నావు?"

"నాక్కాదులెండి. ఒక ఫ్రెండుకి."

తర్వాత ఫారం మేనేజరు మల్లిబాబు వచ్చాడు. ఎప్పుడూ టీ ఇప్పించని మనిషి తాపేశ్వరం కాజాల పెట్టెతో వచ్చాడు. "ఆ అమ్మాయి తీసింది ఎవరి కంచమో తేలిపోయిందాండి?" అనడిగాడు. తేలలేదంటే ఊపిరి వదిలాడు. "పాపం ఎవరోగానీండి, ఆడికి ఏం కష్టమొచ్చిందో. మనం కాస్త పెద్దమనసు చేసుకోవాలండి," అని కాజా చేతిలో పెట్టాడు. ఇతనికీ తెలిసిపోయిందనుకున్నాడు తాతారావు. ఓదార్పుగా మాట్లాడుతున్నాడంటే తప్పకుండా తెలిసిపోయింది.

సాయంత్రం డైరెక్టరే పిలిచాడు. "విచారణ క్షుణ్ణంగా జరగాలి," అన్నాడు. కొంచెం ఆగి, "క్షుణ్ణంగా అంటే మరీ లోతుగా అని నా ఉద్దేశం కాదు," అన్నాడు.

అరవైనలుగురినీ అనుమానించవలసిన ఒక్క మనిషి అరవైముగ్గురూ తననే అనుమానిస్తున్నారన్న భయంతో ఆ రాత్రి నిద్రపోలేదు.

*

రెండో రోజు మధ్యాహ్నం ఆమోద రిజిస్టరు తెప్పించుకున్నాడు. మొదటి పేజీ ప్రారంభోత్సవం రోజుది. అందరూ 'బాగున్నది' అని ముక్తసరిగా రాశారు. అక్షరాలు వంకర్లు పోయాయి, రాస్తున్నప్పుడు కళ్లల్లో నీళ్లున్నట్టు. మొదటి వరసలో ఒక్కటే నిండు వాక్యం, ముఖ్య అతిథిది: 'అద్భుతము. అన్నము నోటిలో వెన్నవలె కరిగినది.' కింద దివాకరం సంతకం, తారీకు. నీలమణి-9 వెన్నలా కరగడమేమిటని తాతారావుకి ఒక క్షణం అనిపించింది. పెద్దవాళ్ల నోళ్లు వేరే ఉంటాయేమోలే అని పేజీ తిప్పాడు.

రిజిస్టరు కింద ఇంకో ఫైలుంది. సూరాయమ్మది. పంతొమ్మిదేళ్లుగా ఆమె ఈ క్యాంటీన్లో రోజుకూలీ. పర్మనెంట్ చెయ్యడానికి అన్ని సంతకాలూ అయిపోయి, ఆఖరిది తాతారావు దగ్గర ఆగింది. 'ఆమె మీద ఏ విచారణయూ లేదు' అని అతను రాస్తే ఆమె పర్మనెంట్. శుక్రవారంలోగా ఆమె ఏం మాట్లాడుతుందన్న దాని మీద అతని ఉద్యోగం, అతను ఏం రాస్తాడన్న దాని మీద ఆమె ఉద్యోగం ఆధారపడ్డాయి. ముందే ఒక మాట అనుకోవడం ఇద్దరికీ మంచిదని క్యాంటీన్ వెనక్కి వెళ్లాడు.

వెనక గోడంతా బచ్చలి తీగ. కాయలు గుత్తులు గుత్తులుగా నల్లగా నిగనిగలాడుతున్నాయి. సూరాయమ్మ వాటిని దూసి బొచ్చెలోకి నలుపుతోంది. చేతులు మోచేతుల దాకా ఊదారంగు.

"ఎల్లుండి విచారణలో నా పేరు రాకూడదు సూరాయమ్మా. ఒక్క కంచం కోసం..."

"ఒక్క కంచమేంటండి?" అందామె అమాయకంగా.

తాతారావు బొచ్చెవైపు చూశాడు. గుక్కెడు రసం చాలు ఒక్క కంచానికి. బొచ్చెలో రెండు శేర్లుంది.

"స్టోరు తాళం తియ్యి," అన్నాడు.

ఫారం నుంచి క్యాంటీన్‌కి నెలకి రెండు బస్తాల నీలమణి-9 వస్తుంది. ఆరు నెలలకి పన్నెండు. స్టోరులో గోడవార బస్తాలున్నాయి. తాతారావు లెక్కపెట్టాడు. చివర్నించి మళ్లీ లెక్కపెట్టాడు. పన్నెండు. పదకొండింటికి మూతి కుట్టు కూడా విప్పలేదు. విప్పినదాంట్లో సగం మాత్రం తగ్గింది. ఒక బస్తాకి ఎలుక పెద్ద కన్నం చేసింది. గోనెపీచు లాక్కెళ్లి మూల గూడు కట్టుకుంది. బియ్యం గింజ ఒక్కటి కూడా ముట్టుకోలేదు.

"మరి ఆరు నెలలు అందరూ తిన్నదేంటి?"

"అంచు వరసల బియ్యవండి."

ప్రయోగం మడి చుట్టూ పక్క పొలం పుప్పొడి రాకుండా మామూలు వరి నాలుగు వరసలు వేస్తారు. అంచు వరసలు లెక్కలోకి రావు. లెక్కలోకి రాదు కాబట్టి నిబంధన ప్రకారం ఆ ధాన్యం ధాన్యం కాదు, వ్యర్థ పదార్థం. కోసి పారబోయాలి. ఆడకూలీలు దాన్ని పారబోసే చోటు క్యాంటీన్ వెనక గుమ్మం.

"ఎంతమందికి?" అన్నాడు.

"అందరికీనండి. ఎవరికి వారే వచ్చి, 'నా ఒక్కడికేనమ్మా, ఎవరితోనూ అనకు' అన్నారు. డైరెట్రుగారు షుగరన్నారండి. అప్పలకొండగారు పళ్లు కదుల్తన్నాయన్నారు. మల్లిబాబుగారు అసలేం చెప్పలేదండి, దణ్ణం పెట్టారంతే. వాచ్‌మన్ పోలయ్యగారు మాత్రం రెణ్ణెల్లు తిన్నారండి, పట్టుదల మనిషి. ఆయన బాధ చూళ్లేక నేనే మార్చేశానండి. ఆరికింకా తెలీదు."

"ఇన్నాళ్లూ ఒక్క మాటైనా చెప్పలేదే?"

"చెప్పొద్దన్నారు గదండి," అంది సూరాయమ్మ, కొంచెం నొచ్చుకుని. "అరవైనలుగురికి మాటిచ్చానండి. ఒక్కటి తప్పలేదు."

తాతారావు ఎలుక కొరికిన బస్తా మీద కూలబడ్డాడు. తను దొంగ కాదు. అంటే దొంగే, కానీ అరవైనాలుగో వంతు.

*

డైరెక్టరుకి చెప్పక తప్పలేదు. గోవర్ధనం మొహం మొదట తెల్లబడింది, తర్వాత మెల్లగా వెలిగింది.

"అరవైనలుగురూ ఒకే అన్నం తిన్నారంటారు. అంటే ప్రయోగంలో ఏకరూపత దెబ్బతినలేదు. ఎవరికీ వేరే ఆహారం అందలేదు. శాస్త్రీయంగా ఇది చాలా శుభ్రమైన డేటా తాతారావుగారూ."

"కానీ సార్, అది నీలమణి కాదు గదా."

"అది మీకూ నాకూ తెలుసు. డేటాకి తెలీదు." సొరుగులోంచి విచారణ ప్రశ్నలూ తీర్పూ ముందే టైపు చేసిన కాగితం తీశాడు. "దివాకరంగారితో ఫోన్లో మాట్లాడాను. కంచం ఒక్కటే, అది వంటమనిషి తిన్న కంచం. ఆమె ఉద్యోగి కాదు, రోజుకూలీ. ప్రయోగంలో లేదు. అందుచేత అరవైనలుగురి ఆమోదానికీ భంగం లేదు. ఆమెని తీసేస్తాం. సోమవారం వంగడం విడుదలవుతుంది. రైతులు వేస్తారు. రేషన్లో ఇస్తారు. హాస్టళ్లలో పిల్లలు తింటారు."

"పిల్లలు తినలేరు సార్."

"వాళ్ల ఫారంలోనూ పద్నాలుగో గడి లేదు," అన్నాడు డైరెక్టరు, ఓపిగ్గా. "మీరు సంతకం పెట్టండి చాలు. మీ కంచం గురించి నాకేం తెలీదు. నా షుగరు గురించి మీకేం తెలీదు."

కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు తాతారావు. ఏ గండమూ లేకుండా గట్టెక్కే దారి అది. గుమ్మం దాటాక క్యాంటీన్ వైపు చూడకుండా చుట్టుతోవన సెక్షన్‌కి వెళ్లాడు.

*

శుక్రవారం సెమినార్ హాలు కిటకిటలాడింది. వేదిక మీద డాక్టర్ చామర్తి దివాకరం. పక్కన డైరెక్టరు. కింద స్టెనో రత్నం, మిషన్‌లో కాగితం ఎక్కించుకుని. మొదటి వరసలో హిమజ, చేతిలో సంచి. సంచిలో ఏమున్నాయో నిమ్మకాయల వాసన చెబుతూనే ఉంది.

దివాకరం గొంతు సవరించుకున్నాడు. "మానవాళి ఆరోగ్య భవిష్యత్తుకి ఈ కేంద్రం వేసిన విత్తనాన్ని ఒక చీడపురుగు కొరికింది. ఆ పురుగు ఎంత చిన్నదైనా, పేరు పెట్టి పిలవకుండా వదిలిపెట్టడం నా స్వభావం కాదు. విచారణాధికారిగారూ, దోషి పేరు రికార్డుకి ఎక్కాలి. స్పష్టంగా, బిగ్గరగా, హోదాతో సహా. కానివ్వండి."

సూరాయమ్మ వచ్చి నిలబడింది. ఊదా మరకలు కనపడకుండా చేతులు కొంగులో చుట్టుకుంది. తాతారావు జేబులో కాగితం ఉంది. అందులో మూడే ప్రశ్నలు. వంట చేసింది నువ్వేనా? రంగు కలిపింది నువ్వేనా? ఇక చెప్పుకునేదేమైనా ఉందా?

మొదటి రెండూ అడిగాడు. "ఆయ్, నేనేనండి," అంది రెండింటికీ. తాతారావు పునరుచ్చరించాడు. రత్నం టైపు చేసింది. దివాకరం గడియారం చూసుకున్నాడు.

మూడో ప్రశ్న అడగబోతూ ఆమెవైపు చూశాడు. ఆమె అతన్ని చూసి, 'కంగారు పడకండి, మీ పేరు చెప్పనులెండి' అన్నట్టు చిన్నగా తలూపింది. ఉద్యోగం పోయే మనిషి ఉద్యోగం ఉండే మనిషికి ధైర్యం చెప్పడం పాతికేళ్ల సర్వీసులో అతనెప్పుడూ చూడలేదు.

తాతారావు ధైర్యవంతుడు కాడు. ఎవరెవరు అడిగారమ్మా అంటే ఆ జాబితాలో తనూ ఉంటాడు. అందుకని ప్రశ్నని గుమస్తా బుర్రతో చెక్కాడు. తను అడిగింది తొమ్మిదో రోజు, అప్పటికే ఇంకెవరో అడిగే ఉంటారు. కాబట్టి ఒక్క మాట జాగ్రత్తగా చేర్చితే చాలు.

"సూరాయమ్మా, రంగు కలపమని నీకు మొట్టమొదట చెప్పిందెవరు? మొదటివాళ్లు మాత్రమే చెప్పు."

డైరెక్టరు ఉలిక్కిపడి కాగితం కోసం జేబు తడుముకున్నాడు, కాగితం తాతారావు జేబులో ఉందని మరిచిపోయి. హాలులో అరవైమంది ఒక్కసారిగా నేలచూపులు చూశారు. మొదటివాడు తనేనేమోనని ప్రతివాడికీ భయం.

సూరాయమ్మ తటపటాయించింది. "మాటిచ్చానండి."

"చెప్పవమ్మా," అన్నాడు దివాకరం. "ఎవరికీ భయపడనక్కర్లేదు. నేనున్నాను."

"తవరు చెప్పమంటే చెబుతానండి. మాటిచ్చింది తవరికే గదా." కొంగులోంచి ఊదారంగు చెయ్యి బయటికి తీసింది. "ఆరంభం రోజునండి. ఫొటోలకని ఓ ముద్ద నోట్లో పెట్టుకుని, ఎనకగుమ్మం కాడికొచ్చి ఉమ్మేశారండి. రెండు చెంబుల నీళ్లిచ్చాను. 'అమ్మా, తినబుద్ధి కావట్లేదు, మామూలన్నం పెట్టు, రంగు మాత్రం ఉండాలి, పేపరోళ్లున్నారు' అన్నారు. నాకేం తోచక బచ్చలిపళ్లు పిండానండి. 'భేషుగ్గా ఉంది, ఇదే పద్ధతి' అని పొగిడారు కూడానండి. అప్పటిదాకా నాకా ఊహే లేదు. ఆ బాబుగారేనండి."

ఆమె వేలు వేదిక మధ్య కుర్చీవైపు నిలబడింది.

రిజిస్టరు మొదటి పేజీలో వెన్నలా కరిగిన అన్నం తాతారావుకి ఇప్పుడు అర్థమైంది.

"ఈ... ఈ ప్రశ్న అజెండాలో లేదు," అన్నాడు దివాకరం. "రికార్డు ఆపండి."

రత్నం కాగితం దించలేదు. వేళ్లు మిషన్ మీద ఎత్తి పట్టుకుని ఉంది. "సార్, 'ఆ బాబుగారే' అని టైపు చెయ్యకూడదండి," అంది తాతారావుతో. "ఇరవై మూడో రూలు. మీరు పేరు చెప్పాలి."

డైరెక్టరు వేదిక మీంచి రెండు చేతులూ జోడించాడు. మల్లిబాబు పెట్టినటువంటి దణ్ణమే. మొదటి వరసలో హిమజ సంచి మూతి విప్పింది. సూరాయమ్మ చెయ్యి ఇంకా దించలేదు. తాతారావు జేబులోంచి డైరెక్టరు ఇచ్చిన కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. పాతికేళ్లుగా అతను నిబంధన తప్పలేదు. ఇప్పుడు తప్పడానికి కారణమేమీ కనిపించలేదు.

లేచి నిలబడ్డాడు. చివరి వరసకి కూడా వినపడేలా, స్పష్టంగా, హోదాతో సహా చెప్పాడు.

"డాక్టర్ చామర్తి దివాకరం, ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ, పోషక ధాన్యాల విభాగాధిపతి, ఈ విచారణ సంఘం అధ్యక్షులు."